ఎవరూ చావని గురువారం

మా తమ్ముడు విన్కోని ఇంటికి పంపించే రోజున ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కూడా ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మేం ఒంట్లో విషం తీసేశాం నెవెంక గారూ. ఇక మీదట మందులతో కాదు, మనుషులతో నిలబడాలి ఇతను. మీ ఊళ్ళో తాగుడు మానినవాళ్ళ క్లబ్బు ఉంది. ప్రతి గురువారం సాయంత్రం, ఫైర్ స్టేషన్ మేడ మీద గదిలో. ఒక్కణ్ణే పంపకండి, ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చోవాలి. ఒక్క వారం కూడా మానొద్దు" అంది.

ఇంట్లోవాళ్ళంటే ఇక నేనే. వాడి భార్య కూతుర్ని తీసుకుని జాగ్రెబ్ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆమెను నేనేమీ అనను. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా ముందే వెళ్ళిపోయేదాన్ని.

మా వ్రెలెట్స్ ఊరి చుట్టూ కొండవాలంతా ద్రాక్షతోటలే. ప్రతి తోటలోనూ ఒక కొట్టం, ప్రతి కొట్టంలోనూ వైన్ పీపాలు. పిల్ల పుట్టినా పోసుకుంటారు, ముసలాడు పోయినా పోసుకుంటారు, వాన కురిసినా, వెలిసినా పోసుకుంటారు. అలాంటి ఊళ్ళో వద్దనేవాడు ఎంత ఒంటరివాడో, వాడి పక్కన నడిస్తే గానీ తెలియదు.

మొదటి గురువారం విన్కో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, నన్నక్కడ మాట్లాడమంటారా?" అని దారిలో రెండుసార్లు అడిగాడు. "అడిగితే మాట్లాడు, లేకపోతే విను" అన్నాను. పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా ఉన్నాడు పాపం.

ఫైర్ స్టేషన్ మెట్లెక్కితే పైన కొత్త తలుపు కనిపించింది. బలమైన ఓక్ చెక్క మీద ద్రాక్షగుత్తి చెక్కి ఉంది. తాళం వేసి ఉంది. కిందకి దిగి పెరట్లోకి వెళ్తే ఫైర్ వాళ్ళు పెద్ద బాణలిలో మాంసం వేయిస్తూ గ్లాసులతో కూర్చున్నారు. వాళ్ళ పెద్ద ష్టెఫ్ గరిటె తిప్పుతూ మమ్మల్ని చూశాడు.

"ఏ క్లబ్బు? ఓహో, ఆ ఏడుపుగొట్టు క్లబ్బా! అదెప్పుడో ఎత్తేశారమ్మా. పైన ఇప్పుడు వైన్ రుచి చూసే హాలు కట్టారు, మేయరు గారి వైన్ సంఘానిది" అన్నాడు.

"ఎత్తేశారా? ఎక్కడికో మార్చారా?"

"నాకేం తెలుసు! తాగనివాళ్ళతో నాకేం పని?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ష్టెఫ్ చూపు మా వాడి మీద పడింది. "ఒరే విన్కో, నీ పేర్లోనే వినో ఉంది, వైన్ ఉంది కదరా! పేరు మార్చుకుంటావా ఏంటి ఇప్పుడు? నీళ్ళయ్య అని పెట్టుకో." గ్లాసులో సగం వైన్, సగం సోడా పోసి వాడి ముందు పెట్టాడు. "సోడా కలిపానులే. ఇది మందు కింద లెక్క కాదు."

విన్కో చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ గ్లాసు తీసి మాంసం బాణలి కింద మంటలో కుమ్మరించాను. బుస్సుమని బూడిద లేచింది.

"అయ్యో, మంచి సరుకు!" అన్నాడెవడో.

వాళ్ళకు బాధ కలిగింది ఆ సరుకు గురించే.

మర్నాడు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. హాలంతా జనం. కిటికీ దగ్గర కూర్చున్నావిడ చెవిలో చెప్పినట్టు మెల్లగా అడిగాను. ఆవిడ వెనక్కి తిరిగి లోపలి గదికి వినపడేలా కేకేసింది. "తాగుబోతుల క్లబ్బు ఎక్కడో తెలుసా? ఈవిడ అడుగుతోంది!" బెంచీల మీద తలలన్నీ ఒక్కసారి లేచాయి. మా పక్కింటి ముసలమ్మ నాకేసి జాలిగా చూసి తల ఊపింది. లోపలి నుంచి జవాబు రాలేదు. "తెలీదట" అంది కిటికీలో ఆవిడ. లోపల ఎవరూ అలా అనలేదు.

అక్కడి నుంచి నేరుగా మున్సిపాలిటీకి నడిచాను. మేయరు క్రెషిమిర్ నాతో బళ్ళో చదువుకున్నవాడే. లేచి కుర్చీ జరిపాడు, కాఫీ తెప్పించాడు. మర్యాదకేమీ తక్కువ లేదు.

"నెవెంకా, నిజం చెప్పు. ఆ క్లబ్బులో ఎంతమంది ఉండేవాళ్ళనుకున్నావు? గుప్పెడు మంది. అంత మంచి గది వాళ్ళకెందుకు? బయటి నుంచి అతిథులొస్తారు, ఊరికి పేరొస్తుంది. ఊరి నడిబొడ్డున తాగుబోతులని బోర్డుంటే ఏం బాగుంటుంది?"

"బోర్డులో తాగుబోతులని లేదు. చికిత్స పొందినవాళ్ళని ఉండేది."

"అదీ ఇదీ ఒకటే కదా! అయినా మన ఊళ్ళో ఎవరూ తాగరు నెవెంకా. రుచి చూస్తారు."

ఆ మాట తానే మెచ్చుకుంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నో సభల్లో చప్పట్లు తెచ్చుకున్న మాటై ఉంటుంది.

"మా నాన్న రుచి చూస్తూనే తోటలో పడి చచ్చిపోయాడు. మా తమ్ముడు రుచి చూస్తూ ఎవరిదో ఇంటి కప్పు వేస్తూ పైనుంచి పడ్డాడు. ఆ క్లబ్బు ఇప్పుడెక్కడ కూర్చుంటోందో చెప్పు చాలు."

"లేదనుకుంటా. ఉత్సాహం లేక ఆపేశారనుకుంటా" అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా కాఫీలో చెంచా తిప్పుతూ అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. లేదంటే లేదనుకుని ఇంటికొచ్చేశాను.

చర్చిలో అడిగాను. ఫాదర్ ప్రార్థన చేద్దామన్నాడు. ప్రార్థన నేనూ చేస్తున్నాను, నాకు కావలసింది గది, గదిలో నలుగురు మనుషులు. పక్క పట్నంలో ఉందంటే బస్సెక్కి వెళ్ళాం. అక్కడ ఉన్న మాట నిజమే గానీ మీటింగు ముగిసేసరికి మా వైపు తిరిగి వచ్చే బస్సు ఉండదు. ఒక వారం నడిచి వచ్చాం. రెండో వారం వాన. మూడో వారం విన్కో, "పోనీలే అక్కా, ఇంట్లో కూర్చుని మనిద్దరమే మీటింగు పెట్టుకుందాం" అన్నాడు. పెట్టుకున్నాం. వాడు బల్లకు ఆ పక్క, నేను ఈ పక్క. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. గడియారం చప్పుడు వింటూ కూర్చున్నాం.

ద్రాక్ష కోతలొచ్చాయి. ఊరంతా తీపి పులుపు వాసన. కిటికీలు మూసినా లోపలికి వచ్చేది. ఒక ఉదయం వాడి మంచం ఖాళీగా ఉంది. ఎక్కడున్నాడో నాకు వెతకక్కర్లేకపోయింది. తోటలోకి పరుగెత్తాను. నాన్న కొట్టంలో పీపాకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. ముందంతా ఎర్రటి మరక.

నన్ను చూసి నవ్వబోయాడు, ముఖం వంకరపోయింది.

"నువ్వు నాకోసం గది వెతుకుతున్నావు అక్కా. అది దొరికేలోపల ఇది నన్ను వెతుక్కుంటూ వచ్చింది."

వాణ్ణి కొట్టాను. చెంప మీద కొట్టి, వెంటనే ఆ తలనే గుండెకు అదుముకుని ఏడ్చాను. తర్వాత గొడ్డలి తెచ్చి మా నాన్న పీపాలన్నీ పగలగొట్టాను. వైన్ కొట్టం గుమ్మం దాటి గడ్డిలోకి పారింది. అటుగా పోతున్న పక్క తోటవాడు ఆగి, "పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు. మా వాడు అదే గుమ్మంలో ఎన్నో ఏళ్ళు పడి ఉంటే ఆ మనిషి ఒక్కసారి ఆగలేదు.

నవంబరు మొదట్లో సమాధుల పండగకి అమ్మానాన్నల కోసం చామంతులు కొనడానికి వెళ్ళాను. సమాధుల తోట గేటు పక్కనే స్లావిత్స పూల కొట్టు. పొట్టి మనిషి, ఎప్పుడూ చేతికి పచ్చ రంగు గ్లౌజులు. కుండీలు బండిలో పెడుతూ, "తమ్ముడెలా ఉన్నాడు?" అంది. ఊళ్ళో అందరూ అడిగేదే, కానీ ఆవిడ పని ఆపి అడిగింది. దాంతో నాకు ఆగలేదు. అంతా కక్కేశాను. గది, తాళం, క్రెషిమిర్ కాఫీ, పీపాలు, అన్నీ.

స్లావిత్స గ్లౌజులు తీసేసింది.

"క్లబ్బు లేదన్నాడా? మన మేయరే అన్నాడా? లేకపోవడమేంటి! నేనే నడుపుతున్నాను కదా. మా ఆయన తాగుడు మానేసిన రోజుల్నుంచీ నేనే."

"ఎక్కడ?"

ఆవిడ బొటనవేలితో వెనక్కి చూపించింది. సమాధుల తోటలో శవపేటికలు ఉంచే కట్టడం. దాని పక్కన చుట్టాలు కూర్చుని ఏడవడానికో చిన్న గది.

"మమ్మల్ని మేడ మీద నుంచి దింపేశాక ఎక్కడ ఖాళీ ఉందని అడిగితే, అదిచ్చారు. బోర్డు పెట్టొద్దన్నారు. చనిపోయినవాళ్ళ చుట్టాలకు ఇబ్బందట. ఆ మాటకు తలూపి ఊరుకున్నాం" అంది. "గురువారం రండి. ఎవరూ చావకపోతే మీటింగు ఉంటుంది" అంది.

నేను ముందు నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చావకుండా బతుకుదామని పోరాడే మనుషులకు ఈ ఊరు ఇచ్చింది శవాల పక్క గది! అదీ శవం లేనప్పుడే! తాగేవాళ్ళకు ఓక్ తలుపులు, చెక్కిన ద్రాక్షగుత్తులు.

ఆ గురువారం ఎవరో చనిపోయారు. లోపల పేటిక, చుట్టూ కొవ్వొత్తులు. మేం స్లావిత్స కొట్లో పూలదండల మధ్య, తిరగేసిన బకెట్ల మీద కూర్చున్నాం. బళ్ళో భూగోళం చెప్పే యూరిత్స మాస్టారూ ఆయన తల్లీ, బస్సు నడిపే లాజ్లో, ఇంకో కుర్ర జంట, స్లావిత్స, మేమిద్దరం. బయట బ్యాండు వాళ్ళు చావుపాట వాయిస్తున్నారు. వాళ్ళు ఆపినప్పుడల్లా మేం మాట్లాడుకున్నాం.

విన్కో నేల చూస్తూ అన్నాడు, "నేను ద్రాక్ష కోతల్లో మళ్ళీ తాగాను."

ఎవరూ అయ్యో అనలేదు. బస్సు లాజ్లో, "నేను మూడుసార్లు జారాను. లేచాక నేరుగా ఇక్కడికే వచ్చావు కదా, అది చూడు" అన్నాడు. వాడి భుజాలు కిందకి దిగడం నేను నా కళ్ళతో చూశాను. డాక్టరమ్మ చెప్పిన మనుషులు వీళ్ళే. ఇన్ని వారాలూ మా ఇంటికి కూతవేటు దూరంలో కూర్చుని ఉన్నారు.

అప్పుడు స్లావిత్స ఇంకో సంగతి చెప్పింది. కిందటి శీతాకాలంలో మ్లాదెన్ అనే కుర్రాడు, ట్రాక్టరు నడిపేవాడు, ఫైర్ స్టేషన్ మెట్లెక్కి క్లబ్బు కోసం అడిగాడట. ఎత్తేశారని చెప్పారట. వారం తిరక్కుండా తాగి నడుపుతున్న బండి వాగులో తిరగబడింది. "ఇప్పుడా పేటిక ఉన్నచోటే పెట్టారు వాణ్ణి. ఆ గురువారం మాకు మీటింగు లేదు" అంది.



"వచ్చే గురువారం మేడ మీదకు వెళ్దాం" అన్నాను.

"ఆ రోజు కొత్త వైన్ తెరిచే మార్టిన్ పండగ ముందు విందు. మేయరూ, సంఘం పెద్దలూ అందరూ ఉంటారు" అన్నారు మాస్టారి తల్లి భయంగా.

"ఉండనీండి. అందుకే వెళ్దాం."

స్లావిత్స తల అడ్డంగా ఊపింది. "మాకు గొడవ అలవాటు లేదు నెవెంకా. అందరి కళ్ళూ మా మీదే పడతాయి. మాస్టారికి బళ్ళో ఉద్యోగం ఉంది."

అప్పుడు మా విన్కో లేచాడు. "నేను కాలవలో పడి ఉన్నప్పుడు ఊరంతా చూసింది. లేచి నిలబడితే మాత్రం చూడకూడదా?"

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, "నేనొస్తాను" అన్నారు.

వెళ్ళాం. ఎవరి కుర్చీ వాళ్ళం ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్ళాం. ఫైర్ స్టేషన్ పెరట్లో ష్టెఫ్ మమ్మల్ని చూసి, "ఎక్కడికి, సామాన్లు మారుస్తున్నారా?" అన్నాడు. మెట్లెక్కి ఓక్ తలుపు తోశాం. లోపల పొడవాటి బల్ల, వరసగా గ్లాసులు, కొవ్వొత్తులు. కొత్త వైన్‌కు పేరు పెట్టే తంతు కోసం ఒకాయన బిషప్పు వేషం వేసుకుని, కాగితం కిరీటం సవరించుకుంటున్నాడు. మేం గది చివర కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం.

క్రెషిమిర్ నవ్వు ముఖంతోనే వచ్చాడు.

"ఏంటి నెవెంకా ఇది?"

"గురువారం కదా, మీటింగు. ఇది మా గది."

"ఇప్పుడిది సంఘానిది. మీకు వేరే గది ఇచ్చాం కదా."

"లేదన్నావు నాతో. ఉత్సాహం లేక ఆపేశారన్నావు. శవాల గది ఇచ్చిన సంగతి నీకు తెలుసు, తెలిసి నాకు చెప్పలేదు. ఇదిగో, వీళ్ళే ఆ ఉత్సాహం లేనివాళ్ళు. చూడు."

"గొంతు తగ్గించు. అతిథులున్నారు."

"అతిథులున్నారు సరే. మ్లాదెన్ ఏడీ? వాడు ఈ మెట్లెక్కే అడిగాడు, మీరే లేదన్నారు. మీరు మేడ మీద రుచి చూస్తున్నారు, కింద పడేది మా వాళ్ళు! ఒక్క బోర్డు పెట్టడానికి మీకు సిగ్గేసింది. వాడి పేటిక మోయడానికి మాత్రం సిగ్గెయ్యలేదు, ముందు వరసలో నడిచారు!"

"పోలీసుల్ని పిలవాల్సొస్తుంది."

"పిలువు. వాళ్ళలో ఇద్దరు మా కుర్చీల్లో కూర్చోవాల్సినవాళ్ళే" అన్నాడు బస్సు లాజ్లో. బల్ల దగ్గర ఎవరో ఆపుకోలేక నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

క్రెషిమిర్ ఎవరినీ పిలవలేదు. మేం మొదలుపెట్టాం. ముందు విన్కో. తన పేరు చెప్పాడు, కూతురి పేరు చెప్పాడు, ఆ పిల్ల ఫోను ఎత్తడం మానేసిన సంగతి చెప్పాడు. బల్ల మీద గ్లాసులు నింపడం ఆగిపోయింది. బిషప్పు వేషగాడు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అంతలో మెట్ల దగ్గర అలికిడైంది. ష్టెఫ్ భార్య బారిత్స. విందుకు వంట చేస్తూ చేతులకు పిండితోనే పైకొచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు వింది. తర్వాత మేయరు బల్ల దగ్గర్నుంచి ఒక కుర్చీ లాక్కుని, బరబరా ఈడ్చుకొచ్చి, మా గుండ్రంలో వేసుకుంది.

"నా పేరు బారిత్స. నేను తాగను. మా ఆయన తాగుతాడు. కూర్చోవచ్చా?"

వెనకే వచ్చిన ష్టెఫ్ పళ్ళు కొరుకుతూ, "ఒసే, లే అక్కణ్ణుంచి! పరువు తీస్తున్నావు" అన్నాడు.

"నీ పరువు రోజూ నేనే కడుగుతున్నాను, నీ పక్కబట్టలతో పాటు" అంది వెనక్కి తిరక్కుండానే.

ష్టెఫ్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మా మీటింగు పూర్తిగా జరిగింది. మర్నాడు ఊళ్ళో సగం మంది మమ్మల్ని తిట్టారు, పండగ పాడు చేశామని. మాస్టారికి బళ్ళో తాఖీదు వచ్చింది. మా ఇంటి గోడ మీద ఎవరో నీళ్ళయ్య అని రాశారు. మేం తర్వాతి గురువారమూ కుర్చీలు మోసుకెళ్ళాం, ఆ పై వారమూ వెళ్ళాం. జిల్లా పేపరు నుంచి ఒకమ్మాయి వచ్చి ఫోటో తీశాకే క్రెషిమిర్‌కు మున్సిపాలిటీలో ఖాళీ గది కనిపించింది. లైబ్రరీ వెనకది, వెచ్చగా ఉంటుంది, కిటికీ ఊరి కూడలి వైపే. బోర్డు కూడా పెట్టారు. ప్రారంభానికి ఆయనే రిబ్బను కత్తిరించాడు. ఈ క్లబ్బుకు తానెప్పుడూ అండగా ఉన్నానని పేపర్లో చెప్పుకున్నాడు.

ష్టెఫ్ ఇప్పటికీ రాలేదు. బారిత్స ఒక్క వారం కూడా మానలేదు. కుర్ర జంటలో అబ్బాయి ఫిబ్రవరిలో మళ్ళీ జారాడు, ఇంకా తిరిగి రాలేదు. వాడి కోసం మేం వంతులు వేసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాం. విన్కో ఇళ్ళ కప్పులు వేసే పనికి మళ్ళీ వెళ్తున్నాడు. బాగున్నాడనను. ఈ రోజు తాగలేదంటాను, అంతే.

మొన్న సంతలో క్రెషిమిర్ ఎదురయ్యాడు. చేయి చాపి, "ఇప్పుడు సంతృప్తేనా నెవెంకా?" అన్నాడు.

నా రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. దించి చేయి కలపొచ్చు. దించలేదు.

"లేదు" అన్నాను. "మ్లాదెన్ వాళ్ళమ్మను కలిశావా?"

వాడు చేయి వెనక్కి తీసుకుని, అటు పక్క ఎవరినో పలకరించడానికి తిరిగాడు. నేను నడిచాను. ఆ సాయంత్రం మీటింగులో టీ పెట్టే వంతు నాది, నిమ్మకాయలు ఇంకా కొనలేదు.